కావలివాడి వేషం

జర్మన్ సిపాయి వేషం కట్టడానికి మా లోయలో ఒక్క మగాడూ ముందుకు రాలేదు. సినిమా కంపెనీవాళ్ళు రోజుకూలీ ఇస్తామన్నారు, మధ్యాహ్నం వేడివేడి సూపు పెడతామన్నారు, అసలైన కాఫీ పోస్తామన్నారు. కాఫీ మాట వినేసరికి గని పనివాళ్ళలో కొందరు కాస్త మెత్తబడ్డారు గాని, ఓస్లో నుంచి పెట్టెల్లో వచ్చిన ఆ బూడిదరంగు కోట్లను దులిపి తాడు మీద ఆరేయగానే ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. చివరికి ఓస్లో నుంచే కాలేజీ కుర్రాళ్ళను రైల్లో దింపారు. ఆ కుర్రాళ్ళు కోట్లు తొడుక్కునే సిగరెట్లు కొనడానికి దుకాణానికి వెళితే, లోపలున్న ఆడవాళ్ళు చేతిలో సామాన్లు అక్కడే పెట్టేసి బయటికి నడిచారు. ఆ మర్నాటి నుంచి కోటు విప్పితేగాని ఊళ్ళోకి పోకూడదని డైరెక్టరు కట్టడి చేశాడు.

యుద్ధం ముగిశాక అది మూడో చలికాలం. యుద్ధం రోజుల్లో మా దేశం జర్మన్ల చేతిలో ఉండేది కాబట్టి, మా గనిలో తవ్విన ఖనిజమంతా జర్మనీకే పోయేది. గనికి కరెంటిచ్చే పవర్‌హౌసును అప్పట్లో మనవాళ్ళు నలుగురు పేల్చేశారు. ఇంగ్లండు నుంచి విమానంలో వచ్చి, పారాచూట్లతో కొండమీద దిగి, స్కీల మీద లోయలోకి జారి, పని ముగించుకుని మళ్ళీ స్కీల మీదే స్వీడన్ దాకా పోయారు. ఇప్పుడు ఆ కథనే సినిమా తీస్తున్నారు. ఆ నలుగురి వేషాలూ ఆ నలుగురే వేస్తున్నారు. ఆ రాత్రి పవర్‌హౌసులో కావలి ఉన్న మనిషి వేషం కూడా ఆ మనిషినే వేయమన్నారు.

ఆ మనిషి తారాల్. నా భర్త.

మాతో ఊరు మాట్లాడి అప్పటికి చాలాకాలమైంది. పేలుడు జరిగిన మర్నాడే జర్మన్లు తారాల్‌ను పట్నంలో వాళ్ళ విచారణ ఇంటికి పట్టుకెళ్ళారు. అదే వారం సీవర్ట్ మో అనే కుర్రవాణ్ణి కూడా పట్టుకెళ్ళారు. పేలుడుకు ముందు కొండమీద దాక్కున్న ఆ నలుగురికీ తిండి మోశాడని వాడి మీద అనుమానం. కొన్నాళ్ళకు బడి మాస్టారినీ దుకాణదారునూ ఇళ్ళలోంచి లాక్కుపోయారు. ఆ రొట్టె, ఆ మాంసం ఇచ్చింది వాళ్ళిద్దరే. సీవర్ట్ ఆ విచారణ ఇంట్లోనే పోయాడు. దుకాణదారు జర్మనీ క్యాంపులో పోయాడు. మాస్టారు యుద్ధమయ్యాక ఊపిరితిత్తులు పాడై తిరిగొచ్చాడు. తారాల్ మాత్రం ఆ వసంతంలోనే, రెండు పళ్ళు పోగొట్టుకుని, తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఎవరు చెప్పి ఉంటారో ఊరు లెక్క వేసుకుంది. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. తారాల్ ఎదురొస్తే స్కీ పట్టీలు సరిచేసుకోవడానికి వంగేవాళ్ళు, అంతే. చర్చిలో మేం కూర్చున్న బల్ల మీద చోటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

సినిమావాళ్ళకు ఇవేవీ తెలియవు. భోజనాల ఏర్పాటు చూడటానికి విబెకె అనే ఓస్లో పిల్ల వచ్చింది. ఊళ్ళో ఎవరి వంట బాగుంటుందో వాకబు చేసి నన్నూ, మా ఎదురింటి బొర్గిల్‌నూ కుదుర్చుకుంది. బొర్గిల్ సీవర్ట్ తల్లి. కార్మికుల హాలు వెనక ఉన్న వంటగది పెద్దదేం కాదు. ఒకే పొయ్యి, ఒకే బల్ల. మొదటిరోజు మేమిద్దరం బల్లకు చెరో పక్కా నిలబడ్డాం.

"అమ్మాయీ," అంది బొర్గిల్, నా చేతిలో కత్తి వంక చూస్తూ. "దుంప తొక్క అంత మందంగా తీస్తే చివరికి మిగిలేది గోళీకాయేనని ఆవిడకి చెప్పు."

విబెకె నా వంక చూసింది. "ఆవిడ ఇక్కడే ఉన్నారు కదండీ."

"ఉంటే వింటుందిలే. నువ్వు చెప్పు."

"పందులకి కూడా కాస్త మిగలాలి కదా అని చెప్పు," అన్నాను నేను.

"సూపులో ఉప్పు ఎవరేశారో కనుక్కో. సముద్రంలో ఉన్నంత ఉంది."

"నేను వేసింది ఒక్కసారే. రెండోసారి ఎవరేశారో వాళ్ళనే అడగమను."

విబెకె గరిటె కింద పెట్టేసింది. "నేను కాలేజీలో ఫ్రెంచి చదివాను, జర్మన్ చదివాను. ఇలా ఒకే భాషలోంచి ఒకే భాషలోకి చెప్పడం మాత్రం ఎవరూ నేర్పలేదు," అంది. అయినా పాపం రోజూ చెప్పింది. మార్చి దాకా మేం అలాగే వండాం.

మా లోయలోకి మార్చి నెల మధ్య వరకు ఎండ దిగదు. రెండువైపులా కొండలు అంత నిటారుగా ఉంటాయి. ఆ మసక వెలుతురు చూసి డైరెక్టరు బ్రాన్వోల్ మురిసిపోయాడు. పట్టపగలే కెమెరా అద్దానికి నీలం గాజు తగిలించి రాత్రి సీన్లు తీసేవాడు. ఆ నలుగురూ మధ్యాహ్నం పూట మంచులో పాకుతూ, ఎవరికీ కనబడనట్టు నటిస్తుంటే, గట్టు మీద ఊరంతా నిలబడి చూసేది.

"అసలు జరిగినప్పుడు ఇలాగే ఉందా?" అని ఆయన మాటిమాటికీ అడిగేవాడు.

"అసలు జరిగినప్పుడు ఏమీ కనబడలేదండీ," అనేవాడు ఐలిఫ్. "నా ముందువాడి వీపు కూడా కనబడలేదు."

"జనం టిక్కెట్టు కొనేది చూడ్డానికయ్యా. కనబడాలి."

ఐలిఫ్ ఆ నలుగురికీ నాయకుడు. యుద్ధమయ్యాక బెర్గెన్‌లో రేడియోల దుకాణం పెట్టుకుని కాస్త ఒళ్ళు చేశాడు. ఆనాటి తెల్లకోటు బొత్తాలు పెట్టుకోవడానికి ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది. పేలుడు తర్వాత మా లోయలో మళ్ళీ అడుగు పెట్టడం అతనికి అదే మొదలు.

వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ, తారాల్ సూపు గిన్నె పట్టుకుని ఒక బల్ల చివర కూర్చున్నాడు. ఆ బల్ల మీదున్నవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు గిన్నెలు పట్టుకుని లేచారు. ఐలిఫ్ రొట్టె నములుతూ అదంతా చూశాడు. తర్వాత లేచి వచ్చి తారాల్ పక్కన కూర్చున్నాడు.

"ఏంటిది? నీకేమైనా అంటురోగమా?"

"లేదు. సూపు చల్లారిపోతుంది, తిను," అన్నాడు తారాల్.

ఆదివారం ఐలిఫ్ మా ఇంటికి వచ్చాడు. వస్తూ జేబులో ఇంత కాఫీ గింజలు తెచ్చాడు. నేను వాటిని పెనం మీద వేయిస్తూ, అతను అడగ్గా అడగ్గా, సంగతంతా చెప్పాను. తారాల్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. 

"ఇతనా చెప్పింది?" అన్నాడు ఐలిఫ్. "ఆ రాత్రి తలుపు తీసిందే ఇతను. మేం కిటికీ పగలగొట్టబోతుంటే లోపల్నుంచి గడియ తీసి, నెమ్మది, మేడ మీద జర్మన్లున్నారు అన్నాడు. లాంతరు పట్టుకుని మిషన్ల దాకా తీసుకెళ్ళాడు. ఏ మిషన్ పోతే బాగుచేయడం కష్టమో చూపించాడు. నన్ను కట్టేయండి అని చేతులు చాపింది కూడా ఇతనే. నేను కాస్త వదులుగా కడితే తిట్టాడు. గట్టిగా కట్టరా, మచ్చలు పడాలి అన్నాడు."

నేను పెనం దించాను. గింజలు కొన్ని మాడాయి. ఆ మాటలేవీ అంతకుముందు నేను వినలేదు. తారాల్ జర్మన్లకు చెప్పిన కథే నాకూ చెప్పాడు. బల్ల కింద దాక్కున్నాననీ, కాళ్ళు వణికాయనీ, బతిమాలుకున్నాననీ. ఆ కథ విని జర్మన్లు నవ్వారట, అందుకే వదిలేశారట. నేను నవ్వలేదు గాని నమ్మాను.

"సినిమాలో కూడా అదే రాసుకున్నాడు కదా బ్రాన్వోల్," అన్నాడు ఐలిఫ్. "బల్ల కింద దూరడం, ఏడవడం. ఎవరు చెప్పారు ఆయనకి?"

"నేనే చెప్పాను," అన్నాడు తారాల్.

"నీకేమైనా మతి పోయిందా? రేపు పొద్దున్నే ఆయనకి నిజం చెప్తాను. ఊరివాళ్ళని హాల్లో కూర్చోబెట్టి మరీ చెప్తాను."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. రాసింది రాసినట్టు చేద్దాం. కాఫీ తాగు."

ఐలిఫ్ నా వంక చూశాడు. నేను గింజలు దంచడం మొదలుపెట్టాను. అతను చాలాసేపు వాదించాడు, కాఫీ తాగాడు, మళ్ళీ వాదించాడు. చివరికి, నీ ఇష్టం, నీ పరువు నీది, అని స్కీలు కట్టుకుని వెళ్ళిపోయాడు.

తారాల్ పెరట్లోకి పోయి కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. నేను శాలువా కప్పుకుని వెనకే వెళ్ళాను.

"ఇన్నాళ్ళూ నేను చర్చిలో ఆ బల్ల మీద ఒంటరిగా కూర్చున్నాను," అన్నాను. "పాలకి వెళితే నా క్యాను పక్కన క్యాను పెట్టేవాళ్ళు లేరు. ఒక్క మాటతో పోయేదాన్ని ఎందుకు పోనివ్వవు?"

అతను గొడ్డలి దుంగలో దించి నిలబడ్డాడు.

"నేను కాదని తేలితే, మరెవరు అని అడుగుతారు."

"అడగనీ."

"మాస్టారి దగ్గరా దుకాణంలోనూ రొట్టెలు తీసుకుని కొండెక్కింది ఎవరు? ఆ రెండు పేర్లూ తెలిసింది ఎవరికి?"

నేను ఎదురింటి వైపు చూశాను. బొర్గిల్ మెట్ల మీద మంచు ఊడుస్తోంది.

"వాణ్ణి నా పక్క గదిలోనే ఉంచారు," అన్నాడు తారాల్. "మధ్యలో చెక్క గోడ. అంతా వినబడేది. చాలా ఆగాడు. నేనైతే అంత ఆగేవాణ్ణి కాదు. వాడికి పంతొమ్మిదేళ్ళు."

"ఆమెకి తెలియదా?"

"ఎలా తెలుస్తుంది? చర్చి దగ్గర రాతి మీద పేరు చెక్కారు కదా. వాడి పేరు కిందే దుకాణదారు పేరు. ఆ రాయి మీద ఆవిడ రోజూ మంచు దులుపుతుంది."

"నాకైనా చెప్పాల్సింది."

"నువ్వు ఆవిణ్ణి పొద్దున్నా సాయంత్రం చూస్తావు. నీ మొహంలో ఏదీ దాగదు." అని మళ్ళీ గొడ్డలి తీసుకున్నాడు. నేను అతను కొట్టిన కట్టెలు ఏరి పేర్చాను. 

బుధవారం తారాల్ సీను తీశారు. పవర్‌హౌసు కొత్తగా కట్టినది, లోపల చోటు చాలదని తలుపు దగ్గరే, ఒక గోడ తీసేసినట్టు చెక్కలతో గది కట్టారు. గట్టు మీద జనం నిండిపోయారు. తారాల్ టిఫిను డబ్బా గుండెకు హత్తుకుని బల్ల కింద దూరాలి. ఐలిఫ్ కాలరు పట్టుకుని బయటికి లాగాలి. తారాల్ ఏడుపు గొంతుతో, బాబ్బాబు, ఈ హెర్రింగు చేపొక్కటి తినేదాకా ఆగండి, అనాలి.

"సినిమా అంతా మంచూ, మౌనమూ," అన్నాడు బ్రాన్వోల్. "జనం ఒక్కసారైనా నవ్వాలి కదండీ."

మొదటిసారి ఐలిఫ్ కాలరు పట్టుకోవలసినవాడు భుజం పట్టుకున్నాడు. మళ్ళీ తీశారు. రెండోసారి పట్టుకున్నాడు గాని లాగలేదు, చేయి ఇచ్చి లేపినట్టు లేపాడు. బ్రాన్వోల్ టోపీ తీసి మంచులో విసిరాడు.

"ఏమయ్యా, పెళ్ళికూతుర్ని బండి దింపుతున్నావా? లాగు."

ఐలిఫ్ మొహం ఎర్రబడింది. తారాల్ బల్ల కిందనుంచే, చిన్న గొంతుతో అన్నాడు. నేను దగ్గర్లోనే సూపు క్యాను పట్టుకుని ఉన్నాను కాబట్టి విన్నాను.

"గట్టిగా లాగు. ఆవేళా ఇలాగే మెత్తగా కట్టావు. నీకెప్పుడూ చెప్పాల్సిందే."

ఈసారి ఐలిఫ్ లాగాడు. తారాల్ మంచులో బోర్లా పడ్డాడు. డబ్బా మూత ఊడింది, చేప జారి బయటపడింది. తారాల్ దాని మీద బోర్లా పడి, హెర్రింగు కోసం నిజంగానే ఏడ్చాడు. అంత బాగా ఏడుస్తాడని నాకు తెలియదు. జర్మన్ల దగ్గర ఒకసారి సాధన చేసి ఉన్నాడు కదా. ఒక్క నిమిషం గట్టు మీద ఎవరూ కదల్లేదు. తర్వాత ఎవరో ఫక్కుమన్నారు. ఆపైన గట్టంతా నవ్వింది. జర్మన్ కోట్లు తొడుక్కున్న కాలేజీ కుర్రాళ్ళు కూడా కడుపులు పట్టుకున్నారు.

"తారాల్," అని కేకేశాడు గని కమ్మరి ఓడ్లైఫ్. మాస్టారిని పట్టుకెళ్ళిన నాటి నుంచి ఆ మనిషి మా ఇంటి గొళ్ళెం విరిగితే కూడా బాగుచేయలేదు. "ప్యాంటు తడిసిందా ఏంటి?"

తారాల్ మంచు దులుపుకుంటూ లేచాడు. "తడిసింది. మీ కొలిమి దగ్గర ఆరబెట్టుకోనిస్తావా?"

"రా రా. చేప కూడా తెచ్చుకో."

అతను వెళ్ళాడు కూడా. ఇంటికొచ్చేసరికి ఒంటినిండా బొగ్గు వాసన. తలుపుకు కొత్త గొళ్ళెం తెచ్చాడు. దాన్ని బిగిస్తూ సన్నగా ఈల వేశాడు. నాకు ఒళ్ళు మండింది. అరవాలనిపించింది. అరిస్తే ఎదురింటికి వినబడుతుంది. కూర్చుని మేజోడు అల్లుకున్నాను.

మర్నాడు వంటగదిలో విబెకె లేదు. జలుబు చేసి పడుకుంది. బొర్గిల్, నేను చాలాసేపు దుంపలు చెక్కు తీశాం. పొయ్యిలో కట్టె చిటపటమంది.

"నిన్న మీ ఆయన భలే చేశాడు," అంది బొర్గిల్. నా వంక చూడకుండానే అంది, కానీ నాతోనే అంది.

"చేశాడు."

"ఆవేళ కూడా అలాగే చేశాడటగా. చేప కోసం."

"అలాగే చేశాడట."

ఆమె కత్తి ఆపింది. "నాకు నిన్న అనిపించింది, హల్డిస్. బల్ల కింద దూరినవాడికి జర్మన్లకి చెప్పడానికి ఏం తెలిసుంటుంది? వాడికెవరు చెప్తారు రహస్యాలు? ఇన్నాళ్ళూ మేం ఊరికే..." అని ఆపేసింది. ఒక దుంప తీసుకుంది. దాన్ని చేతిలో తిప్పుతూ కూర్చుంది. "అయితే మరి ఎవరు చెప్పినట్టు?"

బయట ఎవరో మంచు పార ఈడ్చుకుంటూ పోతున్నారు. నా దుంప తొక్క తెగకుండా చుట్టలా సాగుతోంది. దాని మీదే చూపు పెట్టాను.

"ఒకళ్ళు చెప్పాలా?" అన్నాను. "ఆ వారం కొత్త మంచు పడలేదు. కొండ మీద నుంచి స్కీ జాడలు ఎక్కడికెక్కడికి పోయాయో గుడ్డివాడికైనా తెలుస్తుంది. మాస్టారి పెరట్లోకి, దుకాణం వెనక్కి. కుక్కల్ని తీసుకొచ్చారుగా వాళ్ళు."

బొర్గిల్ ఆలోచించింది. నేను ఇంకో దుంప అందుకున్నాను.

"అవును," అంది నెమ్మదిగా. "ఆ వారం మంచు పడలేదు. నేను సీవర్ట్‌కి చెప్పాను, దారి మార్చి రా అని. వింటేగా." కళ్ళు తుడుచుకోలేదు. దుంపను నీళ్ళలో వేసింది. "నువ్వు తొక్క ఇంకా మందంగానే తీస్తున్నావు."

"పందులు," అన్నాను.

"మీ పందులే నీకన్నా బలిసుంటాయి."

మర్నాడు విబెకె ముక్కు తుడుచుకుంటూ వచ్చింది. మేమిద్దరం నేరుగా పోట్లాడుకోవడం చూసి, ఇక నాకు పనేముంది, అని కాఫీ కప్పుతో కిటికీ దగ్గర కూర్చుంది.

ఎండ లోయలోకి దిగిన వారానికి సినిమావాళ్ళు సామాను సర్దుకున్నారు. ఐలిఫ్ రైలెక్కేముందు తారాల్ చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏదో అనబోయాడు. బండి కూత వేసింది. అప్పటికి చర్చిలో మా బల్ల మీద ఓడ్లైఫ్ కుటుంబం కూర్చుంటోంది. పిల్లలు తారాల్ వీధిలో కనబడితే హెర్రింగు, హెర్రింగు అని వెంటపడేవాళ్ళు. అతను జేబులు వెతుక్కుంటున్నట్టు నటించేవాడు. మాస్టారు మాత్రం ఒకసారి మా గేటు దగ్గర ఆగి, తారాల్ వంక తేరిపార చూసి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని వెళ్ళాడు. ఆయనకెంత తెలుసో మేమెప్పుడూ అడగలేదు.

అక్టోబరులో సినిమా మా కార్మికుల హాలుకు వచ్చింది. బొర్గిల్ ముందు వరసలో తన కోసం ఉంచిన కుర్చీ వదిలి, వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు అటు తారాల్.

హెర్రింగు సీను వచ్చినప్పుడు హాలు దద్దరిల్లింది. కొందరు వెనక్కి తిరిగి తారాల్ వీపు మీద చరిచారు. బొర్గిల్ నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. సీవర్ట్ పోయాక ఆమె నవ్వగా నేను చూడలేదు. ఐలిఫ్ తెర మీద తారాల్ చేతులు తాడుతో కట్టాడు. బాగా వదులుగా కట్టాడు.

ఆ తర్వాత వచ్చింది ఓస్లో స్టూడియోలో తీసిన భాగం. అది మాకెవరికీ తెలియదు. ఒక చిన్న గది, ఒక దీపం, ఒక జర్మన్ ఆఫీసరు. కుర్చీలో ఒక కుర్రవాడు. అతన్ని సీవర్ట్ అని పిలిచారు. నటుడు పొడగరి, బంగారు రంగు జుట్టు, మంచి ముక్కు. ఆఫీసరు పేర్లు అడిగాడు. కుర్రవాడు తల ఎత్తి దీపం వంక చూశాడు. మళ్ళీ అడిగాడు. కొట్టాడు. మళ్ళీ అడిగాడు. కుర్రవాడు పెదవి విప్పలేదు.  వెనక వరసల్లో ఎవరో లేచి నిలబడ్డారు, వాళ్ళను చూసి మిగతావాళ్ళూ లేచారు. మేం ముగ్గురం లేవలేదు. ఆమె లేవలేదు కాబట్టి మేమూ లేవలేదు.

కుర్రవాడి మొహం మీద చీకటి పరుచుకుంది. బొర్గిల్ నా ఒడి మీదుగా వంగి తారాల్ చేయి పట్టుకుంది.

"నువ్వు అక్కడే ఉన్నావు కదా," అంది. "ఇలాగేనా?"

"ఇలాగే," అన్నాడు తారాల్. తెర వంక చూసి, "ఇంత పొడుగు కాదు. అంతే," అన్నాడు.

"అవును," అంది బొర్గిల్. "వాడు పొట్టివాడే."